రెక్కలు లేని ఆదిమ కీటకాల మైటోజీనోమ్‌లు: సమస్య - పరిష్కారం

స్ప్రింగ్‌టెయిల్‌లు, ప్రొట్యూరా, డిప్లూరా, బ్రిజిల్‌టెయిల్‌లు, సిల్వర్‌ఫిష్‌లు: రెక్కలన్నవే ఎరుగని ఆరుకాళ్ల గుంపులు ఈ ఐదు. మొదటి మూడింటిని ఇప్పుడు చాలామంది అసలు కీటకాల్లో లెక్కవేయరు, షట్పదులు అని మాత్రమే అంటారు. వీటి మైటోకాండ్రియా డీఎన్‌ఏ మొత్తాన్ని (మైటోజీనోమ్) చదివి చుట్టరికాలు తేల్చాలని కూర్చుంటే చిక్కులు ఎక్కడ ఎదురవుతాయో దాదాపు ముందే చెప్పొచ్చు. వంశవృక్షంలో కనిపించే వింతల్లో చాలావాటికి మూలం వృక్షం గీసే ప్రోగ్రామ్‌లో ఉండదు. ట్యూబులో ఉంటుంది, అనువాద పట్టికలో ఉంటుంది, లేదంటే పోలికకు ఎంచుకున్న జాతుల్లో ఉంటుంది.

పీసీఆర్‌లో (డీఎన్‌ఏ నకళ్లు పెంచే పద్ధతి) జెల్ మీద పట్టీ రాదు, వచ్చినా మసకే

ముందుగా అనుమానించాల్సింది సీసాలోని ఆల్కహాల్‌ను. మట్టిలోంచి చిన్న జీవుల్ని కిందికి రప్పించే బెర్లేసే గరాటు కింద పెట్టిన 95 శాతం ఇథనాల్‌లోకి మట్టి తేమ దిగి, దాన్ని పల్చన చేసేస్తుంది. పల్చబడిన ఆల్కహాల్‌లో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. స్ప్రింగ్‌టెయిల్‌ల చర్మానికి తడి అంటదు కాబట్టి అవి పైన తేలుతూ ఉండిపోవడం ఇంకో ఇబ్బంది. పట్టిన రోజే కొత్త ఇథనాల్‌లోకి మార్చండి, మూత బిగించి కుదిపి మునిగాయో లేదో చూడండి, మరుసటి రోజు మళ్లీ మార్చి మైనస్ 20 డిగ్రీల దగ్గర పెట్టండి.

రెండో కారణం జంతువు సైజు. ప్రొట్యూరా పొడవు 2 మి.మీ. దాటదు. నూరొద్దు. సన్నటి సూదితో పొట్ట దగ్గర గుచ్చి, ప్రొటీనేజ్ కె (ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్) కలిపిన లైసిస్ బఫర్‌లో (కణాల్ని విప్పే ద్రావణం) 56 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచండి. లోపలి కణజాలం కరిగిపోయి పైతొడుగు ఖాళీగా మిగులుతుంది. దాన్ని పారేయకుండా స్లైడు చేయాలి, ఎందుకంటే జాతిని తేల్చేది ఒంటిమీది వెంట్రుకల అమరికే. శుద్ధి చేసే కాలమ్ నుంచి డీఎన్‌ఏను 20-30 మైక్రోలీటర్లలోనే దించండి. అదే ద్రవాన్ని మళ్లీ ఒకసారి కాలమ్ మీద పోస్తే ఇంకొంత వస్తుంది.

డీఎన్‌ఏ ఉన్నా పట్టీ రాకపోతే మట్టిలోని హ్యూమిక్ ఆమ్లాలు ఎంజైమ్‌ను అడ్డుకుంటున్నాయేమో చూడాలి. నమూనాను పదింతలు పల్చన చేసి, బీఎస్‌ఏ (ఆ అడ్డును తగ్గించే ప్రొటీన్) కలిపి మళ్లీ పెట్టండి. చిన్న ముక్కలు వస్తూ పొడవాటి ముక్కలు మాత్రం రాకపోతే కారణం వేరు: ఈ జీనోమ్‌లలో ఏ, టీ అక్షరాల వాటా సుమారు మూడింట రెండు వంతులు, చాలాచోట్ల అంతకన్నా ఎక్కువ. ఎక్స్‌టెన్షన్ (ఎంజైమ్ కొత్త పోగు కట్టే దశ) ఉష్ణోగ్రతను 72 నుంచి 60-65 డిగ్రీలకు దించి, కిలోబేస్‌కు ఒక నిమిషం చొప్పున సమయం ఇవ్వండి.

పట్టీ బాగుంది, అక్షరాలు మాత్రం వేరే జంతువువి

ఎల్‌సీఓ1490, హెచ్‌సీఓ2198 ప్రైమర్లతో (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) కాక్స్1 జన్యువులో 658 అక్షరాల ముక్క వస్తుంది. ఈ ప్రైమర్లు అందరినీ పలకరించే రకం. మగతోడు లేకుండానే పిల్లలు పెట్టే ఫోల్సోమియా కాండిడా వంటి స్ప్రింగ్‌టెయిల్‌లో వోల్బాకియా బ్యాక్టీరియా ఉంటుంది, దాని కాక్స్1 కూడా ఈ ప్రైమర్లకు చిక్కుతుంది. బ్లాస్ట్‌లో (అక్షరాల్ని డేటాబేస్‌తో పోల్చే ప్రోగ్రామ్) వెతికితే బయటపడిపోతుంది కాబట్టి ఇది పెద్ద ప్రమాదం కాదు. అసలు ప్రమాదం జాపిక్స్ వంటి వేటాడే డిప్లూరాతో. వాటి ఆహారంలో స్ప్రింగ్‌టెయిల్‌లూ ఉంటాయి. డిప్లూరా అనుకుని చదివిన అక్షరాల్లో పొట్టలోని ఎర తాలూకు ముక్క కలిసిందంటే, వృక్షంలో డిప్లూరా హాయిగా స్ప్రింగ్‌టెయిల్ పక్కన కూర్చుంటుంది. చూసేవాళ్లకు అది కొత్త చుట్టరికంలాగే కనిపిస్తుంది. అసెంబ్లీలో (చదివిన ముక్కల్ని కూర్చినదానిలో) ఒకటికి మించి కాక్స్1 కనిపిస్తే ఆగి, ఒక్కోదాన్నీ విడిగా బ్లాస్ట్ చేయండి. వేటాడే జాతుల నుంచి తల, కాళ్లు మాత్రమే తీసుకోవడం మేలు.

ప్రొటీన్ జన్యువు మధ్యలో స్టాప్ కోడాన్లు

స్టాప్‌లు, అంటే ప్రొటీన్ కట్టడం ఆపమనే మూడక్షరాల సంకేతాలు, ఏ అక్షరాల దగ్గర పడుతున్నాయో చూస్తే సగం పని అయిపోయినట్టే. అన్నీ టీజీఏ దగ్గరే పడుతుంటే మీరు మామూలు జన్యుసంకేత పట్టికతో అనువదిస్తున్నారు. అన్నీ ఏజీఏ, ఏజీజీ దగ్గర పడుతుంటే వెన్నెముక జీవుల మైటోకాండ్రియా పట్టిక వాడారు. కావాల్సింది 5వ నంబరు, అంటే వెన్నెముక లేని జీవుల మైటోకాండ్రియా పట్టిక: అందులో టీజీఏ ట్రిప్టోఫాన్, ఏజీఏ, ఏజీజీ సెరిన్, ఏటీఏ మెథియోనిన్.

పట్టిక మార్చినా స్టాప్‌లు పోవడం లేదు, ఒకటి రెండు అక్షరాలు తగ్గి చదివే వరుస కూడా తప్పుతోందంటే అది కేంద్రకంలోకి వెళ్లి చేరిన పాత నకలు కావచ్చు. ఒకదానిమీద ఒకటి కొంత పడేలా రెండు పొడవాటి ముక్కలను పెంచి, కలిసేచోట అక్షరం అక్షరం సరిపోయిందో లేదో చూడండి. క్రోమాటోగ్రామ్‌లో (అక్షరాల్ని శిఖరాలుగా చూపే గ్రాఫ్) జంట శిఖరాలు కనిపించినంత మాత్రాన నకలని తీర్పు చెప్పకండి. టెట్రోడోంటోఫోరా బైలానెన్సిస్ అనే స్ప్రింగ్‌టెయిల్‌లో ఒకే జంతువులో రెండు రకాల మైటోకాండ్రియా డీఎన్‌ఏ నిజంగానే ఉన్నట్టు తేలింది.

జన్యువు చివర టీ లేదా టీఏ మాత్రమే ఉండి స్టాప్ పూర్తి కాకపోతే కంగారు అక్కర్లేదు. ఆర్‌ఎన్‌ఏకు ఏ అక్షరాల తోక తగిలినప్పుడు అది పూర్తవుతుంది.

వలయం మూసుకోవడం లేదు

మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక వలయం. దాన్ని కూర్చేటప్పుడు సాధారణంగా ఏటీలు కిక్కిరిసిన కంట్రోల్ రీజియన్ (జన్యువులు లేని నియంత్రణ భాగం) దగ్గరే తెగుతుంది. నోవోప్లాస్టీ అనే కూర్పు ప్రోగ్రామ్‌లో దగ్గరి జాతి కాక్స్1ను విత్తుగా ఇచ్చి, కే-మెర్‌ను (పోల్చే అక్షరాల ముక్క పొడవు) 39 నుంచి మెల్లగా 25 దాకా దించి చూడండి. పొట్టి రీడ్లు (యంత్రం ఒక్కసారిగా చదివిన ముక్కలు) పునరావృతాల్ని దాటలేకపోతే పొడవాటి రీడ్లు తప్ప దారి లేదు. మూసుకున్న వలయాన్ని కూడా నమ్మేయకూడదు: రీడ్లను తిరిగి దానిమీద పరిస్తే, ఒకచోట లోతు (అక్కడ పడ్డ రీడ్ల సంఖ్య) ఉన్నట్టుండి రెండింతలైతే అక్కడ పునరావృతం కుదించుకుపోయిందని అర్థం.

22 టీఆర్‌ఎన్‌ఏలు లెక్క తేలవు

మైటోజీనోమ్‌లో ఉండాల్సినవి 37: 13 ప్రొటీన్ జన్యువులు, 22 టీఆర్‌ఎన్‌ఏలు (ప్రొటీన్ కట్టేచోటికి అమైనో ఆమ్లాల్ని తెచ్చేవి), 2 రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలు. టీఆర్‌ఎన్‌ఏస్కాన్ అనే ప్రోగ్రామ్ కొన్నింటిని చూపించకపోతే అవి లేవని రాసేయకండి. ఏజీఎన్ సెరిన్ టీఆర్‌ఎన్‌ఏకు డీ చెయ్యి (దాని మడతల్లో ఒకటి) లేకపోవడం జంతువుల్లో మామూలే. కాంపోడియా అనే డిప్లూరా జాతుల్లో, సైనెంటోమాన్ ఎరిత్రానమ్ అనే ప్రొట్యూరాలో ఇంకా చాలా టీఆర్‌ఎన్‌ఏలు కత్తిరించినట్టు పొట్టిగా ఉంటాయి. మైటాస్ లేదా ఆర్వెన్ ప్రోగ్రామ్ నడిపి, జన్యువుల మధ్య మిగిలిన 50-60 అక్షరాల ఖాళీల్ని చేత్తో మడిచి చూడండి. వెతకాల్సింది యాంటీకోడాన్ (కోడాన్‌ను గుర్తుపట్టే మూడక్షరాలు) కాడను.

స్ప్రింగ్‌టెయిల్ కీటకాలకు దూరంగా, క్రస్టేషియన్‌లకు (రొయ్యలు, పీతల గుంపు) అవతల పడుతోంది

అన్నిటికన్నా పేరుమోసిన చిక్కు ఇదే. 2003లో ఫ్రాన్సెస్కో నార్డి బృందం సైన్స్ పత్రికలో సరిగ్గా ఇలాంటి వృక్షాన్నే ప్రచురించింది: స్ప్రింగ్‌టెయిల్‌లు విడిపోయాకే క్రస్టేషియన్‌లూ కీటకాలూ వేరయ్యాయని, అంటే ఆరు కాళ్లు ఒకటికి మించి సార్లు పుట్టాయని. అదే ఏడాది అదే పత్రికలో ఫ్రెడెరిక్ డెల్సుక్, అతని సహచరులు అక్షరాల్ని ప్యూరిన్ (ఏ, జీ), పిరిమిడిన్‌లుగా (సీ, టీ) మార్చి చూస్తే షట్పదులు ఒక్క గుంపుగా వచ్చాయి. 2014లో 1,478 కేంద్రక జన్యువులతో వచ్చిన పెద్ద అధ్యయనం కూడా షట్పదులది ఒకే మూలమని చెప్పింది. కాబట్టి 13 జన్యువులతో మీకు ఈ ఆకారం వస్తే, దాన్ని కొత్త సంగతిగా కాక జబ్బు లక్షణంగా చూడండి.

కారణాలు మూడు, తరచూ కలిసే వస్తాయి.

మొదటిది అక్షరాల వాటా. ప్రతి జాతికీ కోడాన్ మూడో స్థానంలో ఏటీ శాతం లెక్కించండి. తేనెటీగ మైటోజీనోమ్‌లో ఏటీ దాదాపు 85 శాతం. అలాంటిది పక్కన ఉంటే ఏటీ ఎక్కువున్న జాతులు బంధుత్వం లేకపోయినా ఒకచోట చేరతాయి. మూడో స్థానాలు తీసేయండి, మిగిలినవాటిని ప్యూరిన్-పిరిమిడిన్‌గా మార్చండి, ఐక్యూ-ట్రీ ప్రోగ్రామ్‌లోని సిమెట్రీ పరీక్షలో (అక్షరాల వాటా జాతులన్నిటా ఒకేలా ఉందా అని చూసేది) తప్పిన భాగాల్ని పక్కన పెట్టండి.

రెండోది పోగు పక్షపాతం. నాడ్1, నాడ్4, నాడ్4ఎల్, నాడ్5 అనే నాలుగు ప్రొటీన్ జన్యువులు డీఎన్‌ఏ జంట పోగుల్లో ఒకదానిమీద, మిగతా తొమ్మిది రెండో పోగుమీద ఉంటాయి. ఈ రెండు వర్గాలకూ విడివిడిగా వృక్షాలు గీయండి. జీ అక్షరాల సంఖ్యలోంచి సీల సంఖ్య తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే విలువ తొమ్మిది జన్యువుల పోగుమీద కీటకాల్లో మామూలుగా రుణాత్మకం. ఒక జాతిలో అది తలకిందులైతే కంట్రోల్ రీజియన్ తిరగబడి ఉండొచ్చు. అటువంటి జాతిని తీసి చూడండి.

మూడోది పొడవు కొమ్మలు, అంటే వేగంగా మారిన జాతులు; అవి బంధుత్వం లేకపోయినా ఒకచోట చేరతాయి. సైనెంటోమాన్ కొమ్మ విపరీతంగా పొడవు, పేలదీ అంతే. ఒక్కొక్కటే తీసేసి మళ్లీ నడపండి, ఎవరు కదిలారో రాసుకోండి. ఔట్‌గ్రూప్‌గా (పోలికకు పెట్టే బయటి జాతి) ఒక్క లిములస్ అనే గుర్రపునాడా పీతనే పెట్టకుండా లిథోబియస్ జెర్రిని, డాఫ్నియా, ట్రయాప్స్ వంటి డీఎన్‌ఏ నెమ్మదిగా మారే క్రస్టేషియన్‌లను చేర్చండి. బూట్‌స్ట్రాప్ (కొమ్మకు డేటా ఇచ్చే మద్దతు కొలత) 100 వచ్చిందని ధీమా పడొద్దు, ఎందుకంటే ఈ రకం దోషంలో డేటా పెరిగేకొద్దీ తప్పు కొమ్మకే మద్దతు పెరుగుతుంది.

ఇవన్నీ అయ్యాకే మోడల్ సంగతి. అమైనో ఆమ్లాల మార్పుల్ని లెక్కించడానికి క్షీరదాల ఎంటీమామ్ పట్టిక కాక, సంధిపాదుల కోసం చేసిన ఎంటీఆర్ట్ వాడండి. ఫైలోబేయ్స్ ప్రోగ్రామ్‌లో క్యాట్-జీటీఆర్ మోడల్‌ను కనీసం రెండు గొలుసులుగా (విడివిడి పరుగులుగా) నడపండి. మ్యాక్స్‌డిఫ్ (గొలుసుల మధ్య అతి పెద్ద తేడా) 0.1 లోపుంటే బాగున్నట్టు, 0.3 దాటితే ఆ వృక్షాన్ని చూడకపోవడమే మంచిది.

జన్యువుల వరుస చుట్టరికం చెప్పడం లేదు

చాలాసార్లు చెప్పదు కూడా. డ్రొసోఫిలా యకూబా అనే ఈగలో 1985లో పూర్తిగా చదివిన వరుసే క్రస్టేషియన్‌లూ షట్పదులూ కలిసిన మొత్తం వర్గానికి పూర్వీకుల వరుస. కాంపోడియాలో కూడా అదే ఉంది. ఆ పాత వరుస ఇద్దరిలో మిగిలి ఉన్నంత మాత్రాన వాళ్లు దగ్గరివాళ్లని తేలదు. కాక్స్1, కాక్స్2 మధ్య లూసిన్ యూయూఆర్ టీఆర్‌ఎన్‌ఏ ఉండటం క్రస్టేషియన్‌లనూ షట్పదులనూ కలుపుతుంది, వాటిలో ఎవరు ఎవరికి దగ్గరో చెప్పదు. ప్రొట్యూరా స్ప్రింగ్‌టెయిల్‌ల పక్కనా, డిప్లూరా పక్కనా అన్న ప్రశ్న మీ జాబితాలో ఉంటే, మైటోజీనోమ్ వృక్షంలో ఆ కణుపును (కొమ్మలు చీలేచోటు) విప్పకుండా వదిలి, అక్కడికి కేంద్రక జన్యువులు తెచ్చుకోండి.