వెలుగు తోరణం – మూడో పాఠం: బల్ల మీద ఒక్క మీటరు

పండగకు పిట్టగోడ పొడవునా అంటించే రంగుల ఎల్ఈడీ స్ట్రిప్పు ఎంత కరెంటు తాగుతుంది? పోయిన పాఠం చివర ఇచ్చిన ఈ లెక్కతో మొదలుపెడదాం. పిట్టగోడ పొడవు 5 మీటర్లు, స్ట్రిప్పు మీటరుకు 60 ఎల్ఈడీల రకం, నడిచేది 5 వోల్టులతో. మొత్తం 300 ఎల్ఈడీలు. ఒక్కో ఎల్ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ నిండుగా వెలిగితే సుమారు 60 మిల్లీయాంపులు తాగుతుంది. అంటే 18,000 మిల్లీయాంపులు, అనగా 18 ఆంపియర్లు. వాట్లలో 90. ఈ అంకె చూసి బెదరకండి. పండగ రాత్రి పిట్టగోడంతా తెల్లగా, నిండు కాంతితో ఎవరూ వెలిగించరు, ఎదురింటివాళ్లు ఊరుకోరు కూడా. అందుకే మనం 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (230 వోల్టుల కరెంటును 5 వోల్టులకు దించే పెట్టె) చాలనుకున్నాం. అంతకు మించి తాగకుండా, దీపాలకు రంగులు చెప్పే కంట్రోలరుకు (ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు) హద్దు గీస్తాం. ఆ గీత గీయడం ఈ పాఠంలోనే ఉంది.

అయితే ఆ స్ట్రిప్పు చుట్టను ఇంకా పిట్టగోడ దగ్గరికి తీసుకువెళ్లకండి. నేను మొదటిసారి ఒంగోలులో మా మేడ మీద ముందు అంటించి, తరవాత వైర్లు కలిపాను. తీరా చూస్తే స్ట్రిప్పు మీద ఉన్న బాణం గుర్తు కంట్రోలరు వైపుకే చూస్తోంది. ఎండకు కరిగి పట్టేసిన జిగురును ఊడబెరికితే, దానితోపాటు రాగి రేకు కూడా చిరిగి వచ్చింది. అందుకే ఈ రోజు పనంతా బల్ల మీదే, ఒక్క మీటరుతోనే. రాగి మచ్చల మధ్య గీసి ఉన్న గీత మీద కత్తెర పెట్టి 60 ఎల్ఈడీల ముక్క కత్తిరించండి. మళ్లీ టంకం పెట్టి కలుపుకోవచ్చు, వృథా కాదు.

బాణం ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే పెళ్లి బంతిని తలచుకోండి. వడ్డించేవాడు విస్తరాకుల కట్టను వరసలో మొదటివాడి చేతికిస్తాడు. అతను పై ఆకు ఒకటి తీసుకుని, మిగిలిన కట్టను పక్కవాడికి అందిస్తాడు. డబ్ల్యూఎస్2812బీ రకం స్ట్రిప్పు పనిచేసేది అచ్చం ఇలాగే. కంట్రోలరు అన్ని ఎల్ఈడీల రంగులనూ ఒకే వరసగా పంపుతుంది. మొదటి ఎల్ఈడీలోని చిప్పు తన రంగు చెప్పే 24 బిట్లు (సున్నాలు, ఒకట్లు) ఉంచుకుని మిగతావి ముందుకు తోస్తుంది. ఒక్కో ఎల్ఈడీకి పట్టే కాలం 30 మైక్రోసెకన్లు, 300 ఎల్ఈడీలకు 9 మిల్లీసెకన్లు. కన్ను పసిగట్టేలోపే బంతి అంతా పూర్తవుతుంది. కట్టను చివరి మనిషి చేతికిచ్చి వెనక్కి అందించమంటే కుదరదు, ఈ వరస బాణం చూపిన వైపే నడుస్తుంది, కాబట్టి కంట్రోలరు ఉండవలసింది బాణం మొదలయ్యే వైపు. మధ్యలో ఒకడు కట్ట పట్టుకుని కూర్చుంటే వాడి తరవాత ఎవరికీ ఆకు ఉండదు. కాబట్టి 37వ ఎల్ఈడీ తరవాత అంతా చీకటైతే అనుమానించవలసింది 37నీ 38నీ, ఆ రెండింటి మధ్య టంకాన్నీ. కంట్రోలరును కాదు.

ఇప్పుడు వైర్లు. స్ట్రిప్పు మొదట్లో మూడు మచ్చలు ఉంటాయి: 5 వోల్టులు, డేటా, గ్రౌండ్. 5 వోల్టుల మచ్చకు ఎస్ఎంపీఎస్ ప్లస్, గ్రౌండ్ మచ్చకు మైనస్ కలపండి. ఈ రెండింటి మధ్య, స్ట్రిప్పుకు దగ్గరగా, 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. దాని ఒంటి మీద తెల్ల చార ఉన్న కాలు మైనస్‌కే పోవాలి, తిరగేస్తే పేలుతుంది. ఈఎస్‌పీ32 బోర్డు మీద 16 అని (కొన్ని బోర్డుల మీద ఆర్ఎక్స్2 అని) రాసిన పిన్ను నుంచి డేటా మచ్చకు ఒక వైరు, మధ్యలో 330 ఓములకూ 470 ఓములకూ మధ్య ఏదో ఒక రెసిస్టర్. ఖాళీగా ఉంది కదా అని 34, 35 పిన్నులకు కలపకండి. అవి వినడమే కానీ మాట్లాడలేని పిన్నులు. ఎస్ఎంపీఎస్‌లో 230 వోల్టుల వైపు చేయి పెట్టేముందు ప్లగ్గు పీకాలన్న రెండో పాఠం మాట మళ్లీ చెప్పను. కానీ పీకండి.

ఇంకొక వైరు మిగిలింది. దాన్ని మరిచిపోయే నెల్లూరులోని మా మామయ్య ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నారు. ఆయన పూజగదిలో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అరుగు ఉంది. ఆ నల్లరాతిలోని బంగారు చుక్కల మీద దీపాల రంగులు మెరవాలని ఆయన ముచ్చట. నేను ఫోనులో చెప్పినట్టే అన్నీ కలిపారు. గంట తరవాత మళ్లీ ఫోను.

"ఏమయ్యా అల్లుడూ, దీపాలు పూనకం వచ్చినట్టు ఊగిపోతున్నాయి. నేను ఎరుపు అంటే అవి నీలం అంటున్నాయి. బోర్డు పాడైనట్టుంది, ఇంకొకటి తెప్పించనా?"

"తొందరపడకండి మామయ్యా. బోర్డుకు కరెంటు ఎక్కడినుంచి ఇచ్చారు?"

"ల్యాప్‌టాప్ నుంచి."

"స్ట్రిప్పుకు?"

"నువ్వు చెప్పిన ఎస్ఎంపీఎస్ నుంచే."

"రెండింటి గ్రౌండూ కలిపారా?"

అవతల కాసేపు మాట లేదు. "కలపమని నువ్వు చెప్పలేదే" అన్నారు.

నిజమే, చెప్పలేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను. వోల్టేజీ అంటే ఎత్తు లాంటిది, ఎక్కడినుంచి కొలిచామన్నది తెలియకపోతే ఆ ఎత్తుకు అర్థం లేదు. బోర్డు తన నేల నుంచి కొలిచి 3.3 వోల్టులు పంపుతుంది. స్ట్రిప్పు తన నేల నుంచి కొలిచి చదువుతుంది. రెండు నేలలు వేరైతే అందేది గోలే. బోర్డు మీద జీఎన్‌డీ అని రాసిన పిన్నును ఎస్ఎంపీఎస్ మైనస్‌తో కలపండి. మామయ్య అది కలిపిన మరుక్షణం పూనకం దిగింది.

అదే తడవలో ఇంకో మాట. డేటాను "ఉంది" అని చదవడానికి ఈ చిప్పులకు, డేటాషీటు ప్రకారం, సరఫరా వోల్టేజీలో 0.7 వంతు కావాలి. 5 వోల్టుల మీద అది 3.5. మన బోర్డు ఇచ్చేది 3.3. లెక్క ప్రకారం పనిచేయకూడదు, కానీ డేటా వైరు జానెడు లోపు ఉంటే చాలాసార్లు పనిచేస్తుంది. పనిచేసింది కదా అని వైరును నాలుగు మీటర్లు సాగదీస్తే మొరాయిస్తుంది. దీనికి సరైన మందు 74ఏహెచ్‌సీటీ125 అనే చిన్న ఐసీ, 3.3ను 5కు ఎత్తి పంపుతుంది. అది దొరకకపోతే నాకు నచ్చిన నాటువైద్యం ఒకటుంది. స్ట్రిప్పు నుంచి ఒక్క ఎల్ఈడీని విడిగా కత్తిరించి ముందు పెట్టండి. దాని 5 వోల్టుల మచ్చకు కరెంటును ఒక 1ఎన్4007 డయోడ్ గుండా ఇవ్వండి. డయోడ్ సుమారు 0.7 వోల్టులు మింగుతుంది, ఆ ఎల్ఈడీకి 4.3 అందుతుంది. 4.3లో 0.7 వంతు 3.01, కాబట్టి బోర్డు పంపే 3.3 దానికి హాయిగా వినబడుతుంది. అది తిరిగి పంపేది 4.3 వోల్టుల డేటా, తరవాతి ఎల్ఈడీ అడిగే 3.5 కంటే ఎక్కువ. ఆ ముందు ఎల్ఈడీ మీద నల్ల టేపు చుట్టేస్తే సరి.

వైర్ల పని అయింది. సాఫ్ట్‌వేర్ సంగతి దీంతో పోలిస్తే తేలిక. మనం బోర్డులోకి ఎక్కించేది డబ్ల్యూలెడ్ (WLED), దీపాలను ఫోను నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్. బోర్డును ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ కేబులుతో కలపండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే కేబులు కాకూడదు, బోర్డు కనబడకపోతే ముందు కేబులు మార్చి చూడండి. క్రోమ్ బ్రౌజర్‌లో డబ్ల్యూలెడ్ ఇన్‌స్టాల్ పేజీ తెరిచి ఇన్‌స్టాల్ నొక్కితే, అది అడిగిన పోర్టు ఎంచుకోవడమే మీ పని. ఎక్కించడం మొదలవకుండా ఆగిపోతే, బోర్డు మీద బూట్ అని రాసిన బొత్తాన్ని నొక్కిపట్టుకుని మళ్లీ ప్రయత్నించండి. డబ్ల్యూలెడ్ ఉచితం, దాని కోడు అందరికీ తెరిచి ఉంది.

ఎక్కిన తరవాత ఫోనులో వైఫై జాబితా చూస్తే డబ్ల్యూలెడ్-ఏపీ అనే కొత్త పేరు కనబడుతుంది. పాస్‌వర్డు: డబ్ల్యూ, ఎల్, ఈ, డీ అనే నాలుగు చిన్న ఇంగ్లీషు అక్షరాలు, వెంటనే 1234. కలవగానే ఫోను "ఇందులో ఇంటర్నెట్ లేదు" అని సణుగుతుంది, కొన్ని ఫోనులు చెప్పకుండా మొబైల్ డేటాకు జారుకుంటాయి. మొబైల్ డేటా ఆపేసి, బ్రౌజర్‌లో 4.3.2.1 అని కొట్టండి. వైఫై సెట్టింగుల్లో మీ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డు రాసి భద్రపరచండి. మీ రౌటరు 2.4, 5 గిగాహెర్ట్జ్‌లకు రెండు వేరు పేర్లు ఇస్తుంటే 2.4ది రాయాలి, ఈఎస్‌పీ32కు 5 గిగాహెర్ట్జ్ వినబడదు.

తరవాత ఎల్ఈడీ ప్రిఫరెన్సెస్ పేజీ. ఇక్కడ డేటా పిన్ను 16 అని ఉందో లేదో చూసి, లేకపోతే మార్చండి. స్ట్రిప్పు నారింజ రంగులో వెలగాలి, డబ్ల్యూలెడ్ పుట్టురంగు అదే. సగం వరకే వెలిగితే కంగారు పడకండి, మొదట అది లెక్కలో పెట్టుకునేది 30 ఎల్ఈడీలనే. సంఖ్యను 60 చేయండి. నారింజకు బదులు ఆకుపచ్చ ఛాయ వస్తే రంగుల వరస తేడా. ఎరుపు ఎంచుకున్నప్పుడు ఆకుపచ్చ వెలుగుతుంటే వరసను జీఆర్‌బీ నుంచి ఆర్‌జీబీకి మార్చండి. డబ్ల్యూఎస్2812బీ సహజంగా అడిగేది ఆకుపచ్చ ముందు, ఎరుపు తరవాత. కానీ అంగట్లో ఆ పేరుతో అమ్మేవన్నీ ఆ పద్ధతి పాటించవు.

ఇప్పుడు హద్దు గీత. అదే పేజీలో గరిష్ఠ కరెంటు అనే గడిలో మొదట 850 మిల్లీయాంపులు ఉంటుంది. కాంతి పెంచుతున్నా పెరగడం లేదనిపిస్తే కారణం ఇదే, స్ట్రిప్పు లోపం కాదు. ఒక్క మీటరు నిండు తెలుపుకు కావలసింది 3.6 ఆంపియర్లు, కాబట్టి 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ మీద ఇప్పటికి 4000 పెట్టండి. పిట్టగోడకు ఎక్కిన తరవాత 8000 చేద్దాం, మిగతా 2000 ఊపిరాడటానికి. ఒకటి గుర్తుంచుకోండి, డబ్ల్యూలెడ్ కరెంటును కొలవదు, రంగులను బట్టి లెక్క కడుతుంది. ఎల్ఈడీల సంఖ్య తప్పుగా రాస్తే హద్దు కూడా తప్పే. అసలు కొలత కావాలంటే మల్టీమీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టి ప్లస్ వైరులో వరసగా కలపాలి. ఎర్ర ప్రోబు మారవలసిన రంధ్రం ఏదో మొదటి పాఠంలో చూశాం.

కరెంటు పోయి వచ్చే ఊళ్లకు ఒక ఏర్పాటు అవసరం. మామూలుగా అయితే కరెంటు తిరిగి రాగానే దీపాలు వాటంతట అవే వెలుగుతాయి, రాత్రి రెండు గంటలైనా సరే. అదే పేజీలో, కరెంటు రాగానే వెలిగించాలా అన్న గడిలో గుర్తు తీసేయండి. రౌటరు కంటే బోర్డు ముందే లేస్తుంది కాబట్టి అలాంటప్పుడు డబ్ల్యూలెడ్-ఏపీ మళ్లీ కనబడవచ్చు. రౌటరు లేచాక అదే సర్దుకుంటుంది, మీరు ఏమీ చేయనక్కరలేదు.

కొత్తపట్నం, మైపాడు లాంటి తీరాల్లో ఉండేవాళ్లు ఇప్పుడే ఒక నిర్ణయం తీసుకోండి. ఉప్పుగాలి రాగిని వదలదు. క్లిప్పులతో కలిపిన జాయింటు ఆకుపచ్చ తుప్పు పట్టి కొన్నాళ్లకే పని మానేస్తుంది. సిలికాన్ గొట్టం తొడిగిన స్ట్రిప్పు కొనండి, టంకం పెట్టిన ప్రతి చోటా వేడికి ముడుచుకునే గొట్టం వేయండి. కత్తిరించిన చివరను కూడా సిలికాన్‌తో మూయాలి, నీళ్లు ఎక్కేది అక్కడినుంచే.

ఇంటిపని: ఈ మీటరును రెండు రాత్రులు బల్ల మీదే వెలిగించి ఉంచండి. గంట తరవాత ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే వైర్లను తాకి చూడండి, వెచ్చగా ఉంటే సన్నమైన వైరు వాడారని అర్థం. తరవాత మిగతా నాలుగు మీటర్లను తాత్కాలికంగా కలిపి, సంఖ్యను 300, హద్దును 8000 చేసి, అంతా తెలుపు పెట్టి, కాంతిని మెల్లగా పెంచుతూ చివరి మీటరును గమనించండి. అక్కడ తెలుపు పసుపెక్కి ఎర్రబడటం ఏ కాంతి దగ్గర మొదలైందో రాసి పెట్టుకోండి. ఎరుపు ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు, నీలానికి, ఆకుపచ్చకు 3 దాకా కావాలి. అందుకే దారిలో వోల్టేజీ తగ్గితే ముందు అలిసిపోయేది ఆ రెండే. నాలుగో పాఠంలో రెండో చివర నుంచి కూడా కరెంటు ఎక్కించి ఆ ఎరుపును వదిలిస్తాం, ఆ తరవాతే పిట్టగోడ ఎక్కుతాం.