గొంతులో ట్యూబ్ వేద్దాం – 4వ పాఠం: స్టీలు బ్లేడు, ప్రింట్ బ్లేడు

పోయిన పాఠంలో, ఊపిరి ట్యూబ్ వేసేటప్పుడు నాలుకను ఎత్తి గొంతు లోపల కనిపించేలా చేసే లారింగోస్కోప్‌కు తగిలించే స్టీలు మాకింటాష్ బ్లేడు పట్టడం నేర్చుకున్నాం. ఎడమ చేత్తో హ్యాండిల్, నోటి కుడి పక్క నుంచి లోపలికి, నాలుకను ఎడమకు నెట్టి, కొసను వల్లెక్యులాలో (నాలుక మొదట్లో, శ్వాసదారి మూతకు ముందున్న గుంటలో) నిలపడం. 1943 నాటి ఆకారం, నేటికీ పెద్దగా మారలేదు. ఈసారి దాని పక్కన త్రీడీ ప్రింటర్‌లో తీసిన వీడియో లారింగోస్కోప్ పెడదాం. ప్లాస్టిక్ బ్లేడు గాడిలో సన్నటి ఎండోస్కోప్ కెమెరా దూర్చి, వైరు ఫోనుకు తగిలిస్తే సిద్ధం. చవక కాబట్టే ఇంత మోజు.

సాధనంతా శిక్షణకు వాడే మనిషి బొమ్మ మీదే. ఆసుపత్రి అనుమతి, పక్కన సీనియర్ లేకుండా ప్రింట్ బ్లేడు పేషెంటు నోట్లోకి పోకూడదు.

ముందు బ్లేడు కొసను బల్లకు ఆనించి నొక్కండి. స్టీలు కదలదు, ప్లాస్టిక్ కాస్త వంగుతుంది. ఇప్పుడు గోరుతో దాన్ని గీకండి. గరగరలాడే ఆ గీతలే పొరల అతుకులు. అవి బ్లేడుకు అడ్డంగా ఉంటే, నాలుకను ఎత్తే బలానికి పటుక్కున విరగొచ్చు. నిలువునా ఉన్నదే తీసుకోండి. మురికి చేరేదీ ఆ గీతల్లోనే. ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెడదామంటే అక్కడ 121 డిగ్రీలు, ఈ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 దగ్గరే మెత్తబడుతుంది.

ఇక అసలు చిక్కు. స్టీలు బ్లేడుతో కంటికి స్వరతంత్రులు కనిపించాయంటే ట్యూబుకు దాదాపు దారి దొరికినట్టే. బాగా వంపున్న వీడియో బ్లేడుతో అలా కాదు. కెమెరా మలుపు అవతలికి చూస్తుంది, ట్యూబ్ ఆ మలుపు తిరగాలి కదా! మొదటిసారి బొమ్మ మీద తెర చూసి మురిసిపోయాను, ట్యూబేమో కిందే తచ్చాడింది. స్టైలెట్‌ను (ట్యూబ్ లోపల పెట్టే, వంచితే వంగే తీగను) బ్లేడు వంపుకే వంచండి. ట్యూబ్ నోట్లోకి వెళ్లేటప్పుడు తెర వైపు కాదు, నోట్లోకి చూడండి. లేకపోతే అంగిలి చీరుకుపోతుంది. కొస తెర మీదికి వచ్చాకే చూపు అటు తిప్పాలి. కొస స్వరతంత్రులు దాటగానే స్టైలెట్‌ను కొంచెం వెనక్కి లాగి ట్యూబును ముందుకు జరపండి.

బ్లేడు మార్చి మార్చి, ఒక్కోదానితో పదిసార్లు చేయండి. ప్రతిసారీ రెండు టైములు రాసుకోండి: స్వరతంత్రులు కనిపించడానికి ఎన్ని సెకన్లు, ట్యూబ్ లోపలికి పోవడానికి ఎన్ని. ఈ రెండింటి మధ్య తేడా ఏ బ్లేడుకు ఎక్కువుందో చూడండి. పళ్ల మీద బ్లేడు ఆనిన చప్పుడు వచ్చినా గీత పెట్టండి.

ఆ కాగితం దాచండి. 5వ పాఠంలో అదే కాగితంతో మొదలుపెట్టి, ట్యూబ్ శ్వాసనాళంలోనే ఉందని కాప్నోగ్రాఫ్‌తో (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే పరికరంతో) తేల్చుకోవడం చూద్దాం.