నిద్రమాత్రలు లెక్కకు మించి ఖర్చవుతుంటే ఏం చేయాలి

నిద్రకు, ఆందోళనకు వాడే ఆల్‌ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే అమ్మకంపై కఠిన నియమాలున్న జాబితాలోది. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలిచ్చారో రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు ఉంచాలి. అయినా పాత చీటీతోనే మళ్లీ కొనడం, అమ్మమ్మ మందుల డబ్బాలోంచి తీసుకోవడం జరుగుతూనే ఉంటాయి.

స్ట్రిప్పు కొన్న తేదీ దాని వెనక పెన్నుతో రాయండి. రోజుకు 1 చొప్పున 15 మాత్రలు 15 రోజులు రావాలి. పదో రోజుకే అయిపోతే వేసుకునేవాళ్లను అడగండి, అరవకండి.

మిగిలినవి లాక్కుని పారేయడమే అసలు ప్రమాదం. నెలల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి; కొందరికి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తుంది. మెదడు ఆ మందుకు అలవాటు పడిపోవడమే కారణం. తెలంగాణలో ఆల్‌ప్రజోలం కలిపిన కల్తీ కల్లు మానేసినవాళ్లకూ ఇదే జరుగుతుంది. సైకియాట్రిస్టు డోసును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

ఈ మాత్రల్ని మద్యంతోనో ట్రమడాల్ అనే నొప్పి మందుతోనో కలిపి వేసుకుంటే ఊపిరి మందగిస్తుంది. తట్టినా లేవకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. ఖాళీ స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416.