మూడిళ్లలో ఏది తీసుకోవాలో తేలట్లేదా? రెండేసి చొప్పున పోల్చి చూడండి

బెజవాడలో అద్దిల్లు వెతికే వాళ్లకి ఇది పనికొస్తుంది. మేం చూసినవి మూడు, పటమటలో ఒకటి, బ్యారేజీ అవతల తాడేపల్లిలో ఒకటి, సింగ్‌నగర్‌లో ఒకటి. వారం రోజులు ఇంట్లో ఇదే గొడవ, బ్రోకరేమో రోజూ ఫోను.

మూడూ ఒకేసారి బుర్రలో పెట్టుకుంటే ఏదీ తేలదు, అదే రెండిటిని పక్కపక్కన పెడితే ఏది మేలో ఎవరైనా చెప్తారు. 1970ల్లో థామస్ సాటీ అనే ఆయన దీన్నే పద్ధతిగా మలిచాడు, రెండూ సమానమైతే 1, ఒకటి కొంచెం ఎక్కువైతే 3, బాగా ఎక్కువైతే 5, అలా 9 దాకా, మధ్యలో 2, 4 కూడా వేసుకోవచ్చు.

ముందు అద్దె సంగతి పక్కన పెట్టేయండి. నేను మొదట అద్దెని కూడా ఇందులోనే కలిపేసి ఒక సాయంత్రం వేస్ట్ చేశా. సుఖాలు వేరే, ఖర్చు వేరే.

మాకు కావాల్సినవి మూడు: వరద భయం లేకపోవడం (2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ ఎలా మునిగిందో చూశాం కదా), పాప స్కూలు, నా ఆఫీసు దూరం. పాత క్యాలెండర్ షీటు వెనక గళ్లు గీశా. వరద స్కూలు కంటే 2 రెట్లు, ఆఫీసు కంటే 4 రెట్లు, స్కూలు ఆఫీసు కంటే 2 రెట్లు. తిరగేస్తే సగం, పావు అవుతాయి. ఇప్పుడు ఒక్కో వరసలో అంకెలు గుణించి ఘనమూలం తీయాలి, వరదకి 1×2×4 అంటే 8, దాని ఘనమూలం 2, స్కూలుకి 1, ఆఫీసుకి అర. మొత్తం మూడున్నర, అంటే వాటాలు 57, 29, 14 శాతం.

మా ఆవిడ విడిగా వేసింది. మొదట అన్నిటికీ 9లే, పైగా వరద స్కూలు కంటే ముఖ్యం, స్కూలు ఆఫీసు కంటే ముఖ్యం, ఆఫీసేమో వరద కంటే ముఖ్యం! ఇలా గుండ్రంగా తిరిగితే లెక్క పక్కన పెట్టి మళ్లీ అడగాలి. "మీరు రాత్రి లేటుగా వస్తున్నారని వేశానండీ" అంది, అది నాకు తట్టనే లేదు.

తర్వాత ఇళ్లని కూడా ఒక్కో విషయంలో ఇలాగే జతలుగా పోల్చి, వాటాలతో గుణించి కూడితే పటమట 48, తాడేపల్లి 32, సింగ్‌నగర్ 20 వచ్చాయి.

ఖర్చుకి జతలెందుకు, రూపాయలున్నాయిగా. అద్దె, మెయింటెనెన్స్, పెట్రోలు కలిపి నెలకి 20, 18, 12 వేలు, అంటే 50 వేలల్లో 40, 36, 24 శాతం. సుఖాన్ని ఖర్చుతో భాగిస్తే 1.2, 0.89, 0.83. ఒక్క జాగ్రత్త, అస్సలు ఉండలేం అనుకున్న ఇంటిని ముందే కొట్టేయండి, లేకపోతే చవక కాబట్టి భాగహారంలో పైకొచ్చి కూర్చుంటుంది.

ఇళ్లు నాలుగైతే ఒక్కో విషయానికి ఆరు జతలు, పదైతే 45, అంత ఓపిక ఎవరికుంటుంది, ముందే నాలుగైదుకి తగ్గించుకోండి.

అడ్వాన్స్ ఇవ్వబోతుంటే పటమట ఓనరు ఇంకో వెయ్యి పెంచాడు. అక్కడే మెట్ల మీద కూర్చుని ఫోన్లో మళ్లీ వేశా, 1.17. ఇచ్చేశాం.