వరద తీసిన ఇంటికి చుట్టాలను పిలిచే ముందు

గోదావరి వరద తీసి, కోనసీమలో ఏటి మధ్య ఉన్న లంక ఊళ్ళలో నేల ఆరడం మొదలయ్యేసరికి దసరా సెలవులు దగ్గరపడతాయి. హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడిన పిల్లలు దిండి చూస్తామనీ, అంతర్వేది వెళ్తామనీ, పడవ ఎక్కుతామనీ ఫోన్లు చేస్తారు. రమ్మనడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పడవలవారికీ, రేవు దగ్గర టీ కొట్లవారికీ వరద రోజులన్నీ సంపాదన లేకుండా గడిచినవే. అయితే ఊరు ఏ స్థితిలో ఉందో, మన ఇంట్లోకి నీరు ఎంత ఎత్తున వచ్చిందో, ఏ గది ఇంకా ఆరలేదో దాచకుండా చెప్పిన తర్వాతే రమ్మనాలి. మొహమాటానికి పోయి అంతా బాగుందని చెబితే ఆ ఇబ్బంది చివరికి పసిపిల్లల మీదా పెద్దవాళ్ళ మీదా పడుతుంది.

అన్నిటికంటే ముందు చూసుకోవలసినది నీరు. ఒక ఏడాది మా నూతిలో నీరు తేటపడింది కదా అని నమ్మి నేను అలాగే వాడించాను, వచ్చిన మూడో రోజుకే మా చెల్లెలి కొడుకు విరేచనాలతో నీరసించిపోయాడు. నీరు తేటగా ఉన్నంత మాత్రాన అది శుభ్రమైనట్టు కాదని ఆ రాత్రి నాకు తెలిసింది. వరద నీరు దిగిన నూతిని తోడించి, పూడిక తీయించి, ఆ తర్వాత బ్లీచింగ్ పౌడరు వేయించాలి. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాముల మంచి పౌడరు సరిపోతుంది కానీ, వరద పట్టిన నూతికి ఇంకా ఎక్కువ అవసరమవుతుంది కాబట్టి ఆ లెక్కను ఆరోగ్య సిబ్బందిచేత వేయించుకోవడం మేలు. పౌడరును నేరుగా నూతిలో గుమ్మరించకుండా బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు పేరుకున్నాక పై తేటను మాత్రమే నూతిలో కలపాలి, ఆపైన కనీసం గంటసేపు ఆ నీటిని ముట్టుకోకూడదు. ఇంత చేసినా చుట్టాలు ఉన్నన్నాళ్ళూ తాగే నీటిని గుడ్డతో వడకట్టి, తెర్లిన తర్వాత మరో నిమిషం మరగనిచ్చి చల్లార్చి ఇవ్వండి. పిల్లలు పళ్ళు తోముకునే నీరు కూడా అదే కావాలి.

చాలామంది తలచుకోని మరో విషయం మరుగుదొడ్డి. సెప్టిక్ ట్యాంకు చుట్టూ నేల ఇంకా నీరు పట్టి ఉన్నప్పుడు ట్యాంకులోని నీరు ఇంకే దారి ఉండదు. నలుగురున్న ఇంట్లో ఒక్కసారిగా పన్నెండుమంది చేరితే అది రెండు రోజుల్లోనే పొంగి నూతి వైపు ఊరుతుంది. అందుచేత అందరినీ ఒకేసారి కాకుండా విడతలుగా పిలవండి, లేదా కొందరికి అమలాపురంలోనో రాజోలులోనో గది తీసి పగటిపూట మాత్రం ఇంటికి రప్పించుకోండి.

నీరు ఎక్కిన మీటరు బోర్డును, స్విచ్చులను, మోటారును ఎలక్ట్రీషియన్ పరీక్షించి సరేననే వరకు ఎవరూ వాటిని ముట్టుకోకూడదు.

పాముల విషయంలో పడకల ఏర్పాటుకే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి. చుట్టాలు ఎక్కువైతే మన ఇళ్ళలో నేల మీద వరుసగా పక్కలు పరవడం ఆనవాయితీ. వరద తర్వాత అది ప్రమాదకరం, ఎందుకంటే కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, కాటు గుర్తు సరిగా కనిపించను కూడా కనిపించదు. మంచం మీద దోమతెర కట్టి దాని అంచులను పరుపు కిందికి దోపితే దోమల నుంచీ పాముల నుంచీ కాపాడుతుంది. పెరట్లో కొట్టుకొచ్చిన కొబ్బరి మట్టలను, డొక్కలను చుట్టాలు రాకముందే తీయించండి, ఎందుకంటే రక్తపింజర దాక్కునే చోట్లు అవే. కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకుండా, కరిచిన కాలినో చేతినో కదలనివ్వకుండా, 108కి ఫోన్ చేసి పాము విషానికి ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆ ఆసుపత్రి ఏదో, రాత్రివేళ ఏ దారిన వెళ్ళాలో ముందే విచారించి ఉంచుకోండి.

ఇక ఏటి సంగతి. ఊళ్ళో పుట్టినవాడికి కూడా వరద తర్వాతి గోదావరి కొత్తదే. నిరుడు మోకాలి లోతున్న చోట ఇప్పుడు గుంట పడి ఉండవచ్చు, ఒడ్డు పైకి గట్టిగా కనిపిస్తూనే అడుగున కోసుకుపోయి ఉండవచ్చు. అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట పిల్లలను నీళ్ళలోకి దింపకండి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన పర్యాటకుల పడవ కచ్చులూరు దగ్గర వరద ప్రవాహంలో మునిగి 40 మందికి పైగా చనిపోయారు. ఆ ఘటన తలచుకుంటే, అనుమతి లేని పడవనూ, లైఫ్ జాకెట్టు ఇవ్వని పడవనూ ఎక్కబోమని పిల్లల ముందే గట్టిగా చెప్పడానికి మనం సంకోచించకూడదు.

వరద ఒకసారి తీసినంత మాత్రాన మళ్ళీ రాదనుకోకూడదు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు, అయితే లంకలకు వెళ్ళే పల్లపు దారి వంతెనలైన కాజ్‌వేల మీదికి నీరు చాలా ముందే ఎక్కుతుంది. చాకలిపాలెం, కనకాయలంక వైపు వారికి ఇది అనుభవమే. పై నుంచి నీరు పెరుగుతోందని భద్రాచలం కబురు అందినప్పుడే లంకలో ఉన్న చుట్టాలను గట్టు దాటించి పంపేయండి, మర్నాడు చూద్దామనుకోకండి. సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఆగిపోయిందంటే నరసాపురం వెళ్ళవలసినవారు చుట్టు తిరగాలి కాబట్టి రైలుకు ఆ వ్యవధి కలుపుకోవాలి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానును చూసిన కోనసీమవారికి ఆ మాట విడిగా చెప్పనక్కరలేదు.

తొలి కాన్పుకు కూతురిని పుట్టింటికి తెచ్చుకోవాలన్న కోరిక న్యాయమైనదే. కానీ లంకలో ఇల్లున్నవారు ఈ రోజుల్లో నెలలు నిండిన పిల్లను అక్కడికి తీసుకురాకుండా, తల్లే ఆమె ఉన్న చోటికి వెళ్ళి పురుడు పోయడం మంచిది.

వచ్చినవారిని ఊరు చూపించడానికి తీసుకువెళ్ళేటప్పుడు, కూలిన ఇళ్ళ ముందు నిలబడి ఫోటోలు తీయవద్దని ముందే చెప్పండి. అటకెక్కించిన బియ్యం కూడా తడిసిపోయిన ఇల్లాలికి అది ఎంత బాధ కలిగిస్తుందో మన పిల్లలకు మనమే చెప్పాలి. ఏమి తెమ్మంటారని వారు అడిగితే స్వీట్లకు బదులు దోమతెరలు, టార్చిలైట్లు, బ్యాటరీలు తెమ్మనండి. మిగిలినవి పక్కింటివారికి పనికొస్తాయి.

తిరుగు ప్రయాణమయ్యేటప్పుడు కూడా ఒక మాట గుర్తు చేయాలి. ఎలుకల మూత్రం కలిసిన బురదలో, కాలి పగుళ్ళతోనో పుండుతోనో నడిచినవారికి ఎలుక జ్వరం సోకవచ్చు, అది సాధారణంగా వారం రెండు వారాల్లో, ఒక్కోసారి నెలకు బయటపడుతుంది. పిక్కల నొప్పులతో, కళ్ళ ఎర్రదనంతో జ్వరం వస్తే, తాము గోదావరి వరద బురదలో తిరిగి వచ్చామన్న సంగతిని డాక్టరుకు మొదటే చెప్పమని బస్సెక్కించేటప్పుడు చెప్పి పంపండి.