142 వస్తోంది సరే, ఆట సాఫీగా నడుస్తోందా?

"అక్కా, 142 వస్తోంది!"

పీసీలో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించిన అరగంటకే మా తమ్ముడు పంపిన మెసేజ్ ఇది. 142 అంటే ఆట సెకనుకు చూపించే బొమ్మల లెక్క, వాటినే ఫ్రేములంటారు. ఆటలో ఎక్కడ నిలబడి చూశావని అడిగాను. ఖాళీ రోడ్డు మీద కదలకుండా నిలబడి చూశాడట. జనం కిక్కిరిసిన బజారులోకి కారు వేగంగా తిప్పి చూడమన్నాను. పది నిమిషాలకు మళ్లీ మెసేజ్: "ఆగి ఆగి వెళ్తోంది అక్కా."

ఆ వారాంతం వాడి పీసీ ముందే కూర్చున్నాం. పెద్ద కార్డు ఎవరు కొన్నా నేను చూసే పద్ధతి ఇదే. వెనక్కి ఇచ్చే గడువు ముగియకముందే ఇవన్నీ చూసుకోవాలి. కార్డు వచ్చిన రోజే ఆ తేదీ రాసి పెట్టుకోండి.

ముందు కార్డు జోలికి వెళ్లను. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా కార్డుకే ఉందా, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క) సరిగా ఉందా చూస్తాను. తమ్ముడి మానిటర్ 4కే, 144 హెర్ట్జ్. కానీ విండోస్‌లో 60 దగ్గరే ఉంది. అంటే 142 అనే అంకె తెర మీద కనిపిస్తోంది కానీ, సెకనుకు 60 సార్లకు మించి బొమ్మ మారడం లేదు. తర్వాత కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే టూల్ తెరిచి, కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారి ఎంతో చెప్పే బస్ ఇంటర్‌ఫేస్ చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు అక్కడ తక్కువ వేగం చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. పక్కనే ఉన్న రెండర్ టెస్ట్ నడిపి, అప్పుడు x16, అంటే పదహారు వరసల పూర్తి దారి, వస్తోందో లేదో చూడండి. కొన్ని మదర్‌బోర్డుల్లో ఒక ఎస్ఎస్‌డీ స్లాటు వాడితే కార్డుకు x8 మాత్రమే మిగులుతుంది. ఒక కంపెనీ కార్డు తీసి ఇంకో కంపెనీ కార్డు పెట్టినట్టయితే పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచేసి కొత్తది వేయండి.

ఇప్పుడు కొలత. సగటు ఫ్రేమ్ రేటు మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఒక్కో ఫ్రేముకు ఎంత సమయం పట్టిందన్నదే నాకు ముఖ్యం. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు, 120 అంటే 8.3. వరసగా ఎనిమిదేసి మిల్లీసెకన్లలో వస్తూ మధ్యలో ఒక్క ఫ్రేము 50 తీసుకుంటే సగటు దాదాపు కదలదు. చేతికి మాత్రం ఆ కుదుపు తెలిసిపోతుంది. అందుకే 1 శాతం లో అనే అంకె చూస్తాను. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేములు ఎలా ఉన్నాయో అది చెబుతుంది. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్, ప్రెజెంట్‌మాన్ లాంటి ఉచిత టూల్స్‌తో ఇది కొలవచ్చు. అన్ని టూల్స్ ఈ అంకెను ఒకేలా లెక్కకట్టవు. కాబట్టి ఒక టూల్ అంకెను ఇంకో టూల్ అంకెతో పోల్చకండి.

ఆటలోపల ఉండే బెంచ్‌మార్క్ (దానంతటదే నడిచి వేగం కొలిచే పరీక్ష) తేలిక దారి, కానీ నేను దాని మీదే ఆధారపడను. మీరు నిజంగా ఆడే ఆటలో అన్నిటికంటే బరువైన చోటు ఎంచుకుని, ఒకే దారిలో 60 సెకన్లు వెళ్లండి. మూడుసార్లు వెళ్లి మొదటిది పక్కన పెట్టేయండి. షేడర్లు, అంటే వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు, సిద్ధమయ్యేటప్పుడు వచ్చే కుదుపులు మొదటిసారే ఎక్కువగా ఉంటాయి, ఆ తప్పు కార్డుది కాదు.

తమ్ముడి బజారులో 1 శాతం లో 41 వచ్చింది. అదే సమయంలో కార్డు వాడకం 70 శాతానికి పడిపోతోంది. నాకు దారి దొరికింది అక్కడే. వేగాన్ని కార్డే ఆపుతుంటే దాని వాడకం 97, 98 శాతం దగ్గర ఉండాలి. పడిపోతోందంటే అది ప్రాసెసర్ కోసమో, ర్యామ్ కోసమో ఎదురు చూస్తోందని. అనుమానం తీరాలంటే రిజల్యూషన్ తగ్గించి చూడండి. 4కేలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, 1440పీలో 37 లక్షలు. పని సగానికి పైగా తగ్గినా ఫ్రేములు పెరగలేదంటే కార్డును నిందించకూడదు. వాడి డీడీఆర్5 ర్యామ్ 6000 వేగానిది, కానీ బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆ వేగం ఇచ్చే ప్రొఫైల్ ఆన్ చేయక 4800 మీద నడుస్తోంది. ఆన్ చేశాక అదే బజారులో 63 వచ్చింది. ఇది చూడకుండా ఉంటే వాడు మంచి కార్డును తిరిగి పంపేసేవాడు.

ఫ్రేమ్ జనరేషన్ గురించి గట్టిగా చెప్పాలి. ఆ 142 అంతా దాని పుణ్యమే, ఆపేస్తే 82. ఇది రెండు నిజమైన ఫ్రేముల మధ్య కొత్తవి పుట్టిస్తుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డయితే ఒక నిజమైన ఫ్రేముకు ఒకటి కంటే ఎక్కువే చేర్చగలదు. కంటికి హాయిగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ మౌస్ కదిపితే ఆట స్పందించే వేగం అసలు ఫ్రేముల మీదే ఆధారపడుతుంది. 30ని 100 చేసి చూపించినా చేతికి 30 బరువే ఉంటుంది. అందుకే కార్డు సత్తా కొలిచేటప్పుడు దాన్ని ఆపేయండి, అసలు ఫ్రేములు 60కి తగ్గకుండా ఉంటేనే ఆన్ చేయండి. అప్‌స్కేలింగ్ సంగతి వేరు. 4కేలో ఎన్విడియా అప్‌స్కేలింగ్ అయిన డీఎల్ఎస్ఎస్‌ను క్వాలిటీ మోడ్‌లో పెడితే కార్డు 1440పీలో గీసి పెద్దది చేస్తుంది, నిజంగానే పని తగ్గుతుంది. రెండు కార్డులను పోల్చేటప్పుడు మాత్రం రెండింటికీ ఒకే మోడ్ ఉండాలి.

కార్డు మెమరీ నిండితే సగటు కంటే ముందు 1 శాతం లో కూలిపోతుంది, గోడల మీద బొమ్మలు మసకగా వస్తాయి. 4కేలో రే ట్రేసింగ్‌తో (వెలుతురును నిజంలా లెక్కకట్టే పద్ధతి) ఆడాలనుకుంటే 16 జీబీకి తగ్గవద్దనే చెబుతాను. మానిటరింగ్ టూల్ 15 జీబీ చూపించిందని భయపడకండి. ఆట ముందుగా పట్టి ఉంచుకున్నదీ, నిజంగా వాడుతున్నదీ ఒకటి కావు.

వేడి చూసేటప్పుడు కేబినెట్ తలుపు మూసే ఉండాలి. ఐదు నిమిషాల పరీక్షతో ఏమీ తేలదు, అరగంట ఆడాక చూడండి. వేడి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో టూల్‌లో కోర్ (కార్డు చిప్) వేడికీ హాట్‌స్పాట్‌కీ (చిప్‌లో అన్నిటికంటే వేడి చోటు) తేడా 10, 20 డిగ్రీలుంటే ఫరవాలేదు. 30 దాటితే కూలర్ సరిగా కూర్చోలేదని అనుమానించి కార్డు మార్పించుకోండి. కొన్ని కొత్త కార్డుల్లో ఆ రీడింగు ఉండదు, అప్పుడు మెమరీ వేడి, ఫ్యాన్ వేగం, క్లాక్ (చిప్ నడిచే వేగం) పడిపోతోందా అన్నవి చూడాలి. చెవి కూడా పెట్టండి. కాయిల్ నుంచి వచ్చే సన్నని కీచు శబ్దం వందల ఫ్రేములు వచ్చే మెనూ తెర మీద బాగా వినిపిస్తుంది. ఫ్రేములకు పరిమితి పెట్టినా, మీరు కూర్చునే చోటికి వినిపిస్తుంటే దానితో సర్దుకుపోకండి. రోజూ వినాల్సింది మీరే.

ఇక కరెంటు. ఆర్‌టీఎక్స్ 4090కి 450 వాట్లు, 5090కి 575. ఈ కార్డులకు పవర్ వెళ్లే 16 పిన్నుల ప్లగ్గు దగ్గర మాత్రం నిర్లక్ష్యం వద్దు. పూర్తిగా లోపలికి వెళ్లని ప్లగ్గులు వేడెక్కి కరిగిన సంఘటనలు ఉన్నాయి. తర్వాత వచ్చిన 12వి-2x6 రకంలో సెన్స్ పిన్నులను (ప్లగ్గు కుదిరిందో లేదో కార్డుకు చెప్పే చిన్న పిన్నులు) పొట్టిగా చేసింది ఇందుకే, ప్లగ్గు బాగా వదులుగా ఉంటే కార్డు పవర్ తీసుకోకూడదని. ఏ రకమైనా పీసీ ఆపి, టార్చి వేసి, మధ్యలో సందు లేదని కళ్లతో చూడండి. ప్లగ్గు దగ్గర మూడున్నర సెంటీమీటర్ల వరకు వైరు నిటారుగా ఉండాలి. తమ్ముడి కేబినెట్ అద్దం ఆ వైరును నొక్కుతోంది. కార్డు పొడవు కొలిచాడు కానీ, ప్లగ్గుకు కావలసిన ఎత్తు కొలవలేదు. ఆ అద్దం తీసేసి, వెడల్పాటి కేబినెట్ వచ్చేదాకా అలాగే ఆడుకోమన్నాను.

చివరికి పవర్ లిమిట్ (కార్డు వాడుకోగల కరెంటు హద్దు) 80 శాతానికి తగ్గించి, ఫ్రేమ్ జనరేషన్ లేకుండా మొదటి ఖాళీ రోడ్డు మీదే చూశాం. 82 సగటు 78 అయింది, ఫ్యాన్ల హోరు సగం తగ్గినట్టు అనిపించింది. వాడు అలాగే ఉంచేశాడు, ఫ్రేములకు మానిటర్ 144 కంటే కాస్త కింద, 138 దగ్గర పరిమితి పెట్టాడు. ఆ రోజు లాగ్ ఫైళ్లన్నీ డ్రైవర్ వెర్షన్ పేరుతో ఒక ఫోల్డరులో దాచాం. కొత్త డ్రైవర్ వచ్చినప్పుడల్లా వాడు మళ్లీ ఆ బజారులో మూడుసార్లు తిరిగి, సగటు, 1 శాతం లో రెండు అంకెలూ నాకు పంపుతున్నాడు.