ట్రాన్స్‌ఫర్ రెజ్యూమె, అయిదో పాఠం: మెమోలో ఉన్న అంకెను ముట్టుకోవద్దు

పోయిన పాఠంలో చదువు వివరాల దగ్గర జీపీఏ, అంటే గ్రేడుల సగటు, మొదటి వరుసలోనే రాయండన్నాను. దాని ఫలితం ఈ వారమంతా దిద్దుతూ కూర్చున్నా. అమెరికా కాలేజీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటున్న కడప అబ్బాయికి 10కి 8.2 వచ్చింది, అక్కడ జీపీఏ 4కి లెక్క కదా అని 3.28 అని రాశాడు. అదే 8.2 వచ్చిన అనంతపురం అమ్మాయి 3.7 అని రాసింది. ఇద్దరిదీ ఒకే యూనివర్సిటీ, ఒకే బ్రాంచి. అడిగితే అబ్బాయి రెండున్నరతో భాగించాడంట. అమ్మాయి నెట్లో ఏదో కాలిక్యులేటర్లో వేసిందంట.

మార్చొద్దప్పా. మెమోలో 10కి 8.2 ఉంటే రెజ్యూమెలోనూ 8.2/10 అనే రాయండి. ఎందుకో ఒక్కసారి విడమరిచి చెప్తా. అక్కడ మీ రెజ్యూమె చదివేవాళ్ల దగ్గర మీ ట్రాన్‌స్క్రిప్టు కూడా ఉంటుంది. దాంట్లో 8.2, దీంట్లో 3.7. ఈ రెండోది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే ఏం చెప్తారు? అక్కడి జీపీఏ మొత్తాన్ని ఒక అంకెతో భాగిస్తే వచ్చేది కాదు. సబ్జెక్టు సబ్జెక్టుకూ గ్రేడు పాయింట్లు వేసి, క్రెడిట్లతో, అంటే ఆ సబ్జెక్టుకున్న బరువుతో, గుణించి కడతారు. కావాలనుకుంటే మన మార్కుల్ని అక్కడి లెక్కలోకి మార్చే వెస్ (WES) లాంటి సంస్థతో లెక్క కట్టించి పంపమని కాలేజీవాళ్లే అడుగుతారు. మీరు సొంతంగా వేసిన అంకె తక్కువైతే మీ నోట్లో మీరే మన్ను కొట్టుకున్నట్టు, ఎక్కువైతే అబద్ధం. పర్సెంటేజీ చేసి పక్కన బ్రాకెట్లో పెట్టడం కూడా వద్దు. ఈ మాట మళ్లీ ఎత్తను.

పేరు, ఫోను, ఈమెయిలు సంగతి మీకు తెలుసు. పేజీ ఒక్కటే. నేనైతే టెంప్లేట్ల జోలికి పోను, ఖాళీ పేజీ మీద కాలిబ్రి 11, అంతే. ఫొటో, నాన్న పేరు, పుట్టిన తేదీ, అడుగున డిక్లరేషన్ మూడో పాఠంలోనే తీసేయించాను. ఒకాయన డిక్లరేషన్ తీసేసి, 'ప్లేస్: ప్రొద్దుటూరు' అని రాసి సంతకం మాత్రం ఉంచాడు. అదీ తీసేయ్ నాయనా.

కర్నూలు నుంచి ఒక పాప మూడు వెబినార్ల సర్టిఫికెట్లు పైన పేర్చి, అట్టడుగున 'హెల్ప్‌డ్ ఫాదర్ ఇన్ బిజినెస్' అని ఒక్క ముక్క రాసింది. ఫోన్ చేసి కూపీ లాగితే తెలిసింది, వాళ్ల నాన్నది మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మండీ. రెండేళ్లుగా దసరా సెలవుల్లో రోజూ నాలుగు గంటలు కూర్చుని తూకం చీటీలు ఎక్సెల్లో ఎక్కిస్తుందంట. ఒకరోజు చీటీలో 47 బస్తాలుంటే ఖాతా పుస్తకంలో 74 అని పడింది. పట్టుకుంది ఈ పిల్లే. ఇది అడుగున దాచి వెబినార్లు పైకి ఎక్కించడమేంది! చీటీలు ఎక్కించడం, ఖాతాతో సరిచూడడం, రోజుకెన్ని గంటలు, ఎన్నేళ్లు, అన్నీ కలిపి రెండు వరుసలు చేసి పైకి తెచ్చాం. దసరా అంటే అక్కడివాళ్లకు తెలీదు, అక్టోబర్ అని రాశాం. వెబినార్లు తీసేశాం.

పదో తరగతి మార్కులు కూడా తీసేయండి, ఇంటర్‌కు ఒక్క వరుస చాలు. మధ్యలో కాలేజీ మారేవాళ్ల దగ్గర అక్కడి కాలేజీవాళ్లు చూసేది మారేలోపు కాలేజీలో ఏం చదివారని. అందుకే పూర్తయిన క్రెడిట్లు జీపీఏ పక్కనే రాయండి. ఇక్కడి బీటెక్ 160 క్రెడిట్లు, అక్కడి డిగ్రీ మామూలుగా 120. కాబట్టి మన 40 అక్కడ 40గానే చెల్లుతుందనుకోవద్దు.

ఇంటి పని కొంచెం ఎక్కువే. మెమోలన్నీ ముందేసుకుని ప్రతి సబ్జెక్టు పేరు, క్రెడిట్లు, గ్రేడు ఒక షీటులో ఎక్కించండి. ఎదురుగా, మీరు చేరాలనుకునే కాలేజీ కేటలాగులో దానికి దగ్గరగా ఉండే కోర్సు వెతికి రాయండి. ఒక పూట పడుతుంది. సిలబస్ కాపీలు కూడా దించి పెట్టుకోండి, అడుగుతారు. సప్లీలో పాసైన సబ్జెక్టును వదిలెయ్యొద్దు. ఆదివారం రాత్రిలోపు పంపండి, పీడీఎఫ్ చేసి. స్క్రీన్‌ను ఫోన్లో ఫొటో తీసి పంపితే తెరిచి కూడా చూడను.